ఇద్దరు డాక్టర్లు, ఒక తువ్వాల

దవడ బాగైనాక జనం నన్ను అడిగే మాట ఒకటే. యాడ చేయించుకున్నావు, డాక్టరు పేరేంది? ఆ రెండూ చెప్తే చాలు, లేసి పోతారు. నేను చెప్తా, దాచేదేం లేదు. కానీ పేర్ల కంటే ముందు చెప్పాల్సింది ఇంకొకటి ఉండాది, అది వినేదానికి ఎవరికీ ఓపిక లేదు. నాకు మాత్రం ఉందా? ఈ నాలుగు ముక్కలు రాసే లోపలే రెండుసార్లు లేసిపోయి, అంగట్లో సర్దిన చీరలే మళ్ళీ సర్దొచ్చినా. కుదురుగా కూర్చునే గుణం నాకు చిన్నప్పట్నుంచీ తక్కువ. జబ్బుతో ఆ ఉన్న కాస్తా పోయింది.

నా పేరు వాసవి. మాది మైదుకూరు, బజార్లో బట్టలంగడి. డిగ్రీ అయిపోయినప్పట్నుంచీ నాయనతో పాటు అంగట్లోనే కూర్చుంటా. నాయనను ఊరంతా శెట్టి అనే పిలుస్తారు. మా తాత శెనక్కాయల మండీలో వ్యాపారం చేసినోడు. ఆ కాలంలో మండీలో బేరం నోటితో చెప్పేవాళ్ళు కాదంట. భుజం మీది తువ్వాల తీసి ఇద్దరి చేతుల మీద కప్పుకొని, దాని కింద వేళ్ళు పట్టుకొని చెప్పుకునేవాళ్ళు. ఒక వేలు పడితే ఇంత, రెండు పడితే అంత. పక్కనోనికి తెలీకూడదు. నాయన శెనక్కాయలు వదిలి బట్టల్లోకి వచ్చినా ఆ బుద్ధి మాత్రం వదల్లా. ప్రొద్దుటూరికి సరుకుకు పోతే, ముందు ఏ అంగడికి పోయొచ్చినాడో రెండో అంగట్లో చచ్చినా చెప్పడు. చెప్తే వాడు మన మాటే మనకు తిరిగి అమ్ముతాడు, ఏమీ తెలీనోళ్ళ మాదిరి పోవాల, వాడేం చెప్తాడో వినాల అంటాడు. బట్టలకు అది బాగానే పనిచేసింది. ఆ తువ్వాలే తెచ్చి నా దవడ మీద కూడా కప్పినాడు.

2003 ఎండాకాలం

నాకు పదమూడేళ్ళు దాటినప్పట్నుంచీ కింది దవడ ముందుకు పెరుగుతా వచ్చింది. కింది పళ్ళు పై పళ్ళను దాటి ముందుకొచ్చి నిలబడినాయి. రెండూ కలవవు. కలవకపోతే కొరకలేం. జామకాయ చేతికిస్తే చాకు వెతుక్కోవాల్సిందే. జొన్నరొట్టె తుంచి తుంచి, వెనక దవడ పళ్ళ కింద పెట్టి నమిలే లోపల పంక్తిలో అందరూ చేతులు కడుక్కునేవాళ్ళు. నన్ను సాకింది రాగి సంగటి. దాన్ని నమిలే పని లేదు, మింగితే పోతాది.

అన్నిటికంటే నాకు మంట ఎక్కడంటే దారం దగ్గర. చీరలకు ఫాల్ కుట్టేది మా అమ్మ, పక్కన నేను. కుట్టు ముగిస్తానే అమ్మ వంగి పంటితో పుటుక్కున దారం తెంపుతాది. నేను కత్తెర వెతుక్కుంటా. ఆ పాడు కత్తెర ఎప్పుడు చూసినా చీరల కిందనే ఉంటాది. ఇంత చిన్న దానికా అంటారు. పక్కన కూర్చున్న మనిషి సులభంగా చేసే పని రోజూ మనకు చేతగాకపోతే ఎట్లుంటాదో పడినోళ్ళకే తెలుస్తాది.

ఎక్కిరింపులకు అలవాటు పడినా. నొప్పికి మాత్రం పడలేకపోయినా. ఆ ఎండాకాలం చెవి ముందర టిక్కు టిక్కుమనేది మొదలైంది. తలంతా ఒక పక్క పట్టేసినట్టు ఉండె. పెళ్ళిళ్ళ గిరాకీ జోరుగా ఉన్న ఒక మధ్యాహ్నం, ఒకామెకు పట్టుచీర పరిచి చూపిస్తా ఆవలించినా. నోరు తెరుచుకుంది, మూసుకోలా. కొంగు చేతిలో పట్టుకొని నోరు తెరుచుకొని అట్లే నిలబడినా. ఆమె అడిగిన రేటుకు నేను నోరెళ్ళబెట్టినా అనుకొని, పాపం, కొంచెం పెంచింది కూడా.

నాయన ఆటో పిలిపించినాడు. అది ఆసుపత్రి దాకా పోకముందే గుంతలో పడి ఎగిరింది, దవడ దానంతటదే చోటికి వచ్చింది. అప్పుడు ఏడ్చినా. మళ్ళీ ఎప్పుడు పడిపోతుందో అనే భయం నాకు ఆ ఆటోలోనే పట్టుకుంది. ఆవలింత వచ్చినా నవ్వొచ్చినా గడ్డం కింద చెయ్యి పెట్టుకొని తిరిగేదాన్ని.

కడపలో పళ్ళకు క్లిప్పులేసే డాక్టరు ఉండాడని ఎవరో చెప్తే పోయినాం. బయట బెంచీల మీదంతా బడి పిల్లోళ్ళు, వాళ్ళమ్మలు. అంత వయసు దాన్ని నేనొక్కతే. కూలర్ గాలి పక్కకు పోతాంటే నేను బెంచీ మారి బెంచీ మారి చివరికి గుమ్మం దగ్గర నిలబడినా. డాక్టరు చిన్న వయసాయన, మెల్లగా మాట్లాడతాడు. నోట్లో మెత్తటి పిండి లాంటిది పెట్టి అచ్చు తీసినాడు. దాంతో సుద్ద మాదిరి తెల్లగా నా పళ్ళ బొమ్మ చేసిచ్చినాడు. ఆయన దాపరికం లేకుండా చెప్పినాడు. ఇది పంటి తప్పు కాదు, ఎముక తప్పు. ఆపరేషన్ చేసి దవడ వెనక్కి జరిపితే పూర్తిగా సరిపోతుంది. వద్దంటే కింద రెండు పళ్ళు తీసి, ముందు పళ్ళను వెనక్కి లాగి, పైకి తెలీకుండా సర్దొచ్చు. నొప్పి పోతుందని మాత్రం మాటివ్వలేను.

ఆపరేషన్ అనేసరికి నాయన మొహం తెల్లబోయింది. మా చిన్నాయనకు ఎప్పుడో కడుపులో ఆపరేషన్ కోసం మత్తు ఇస్తే మళ్ళీ లేవలా. మా ఇంట్లో ఆ మాట పలకరు. డాక్టరు నా పక్క తిరిగి, నీకేం కావాలమ్మా అని అడిగినాడు. నేను నోరు తెరిచే లోపల నాయన "చూసేదానికి బాగుండాల సార్" అన్నాడు. రెండో దారే ఖాయమైంది. కింద పక్కకొకటి, రెండు పళ్ళు పీకించుకొని, దూది కొరికి పట్టుకొని బస్సెక్కినా.

క్లిప్పుల సంబరం కూడా చెప్పాల. మా పక్క నీళ్ళకు పళ్ళ మీద పసుపు మచ్చలుంటాయి కదా, ఆ పళ్ళకు క్లిప్పు సరిగా అతుక్కోదంట. సంగట్లో ఒకటి ఊడొచ్చె, మజ్జిగలో ఒకటి, ఇంకొకటి ఏమైందో ఈ రోజుకూ తెలీదు, కడుపులోకే పోయుంటాది. ఊడినప్పుడంతా కడప బస్సు. విసుక్కోకుండా ఆయన మళ్ళీ అతికించేవాడు.

2004 శ్రావణం

కర్నూల్లో పెద్దమ్మ ఇంట్లో వ్రతమంటే అమ్మా నేనూ నాయనా పోయినాం. భోజనాల దగ్గర ఎవరో ఏదో అంటే నవ్వినా. అంతే, చెయ్యి పెట్టుకునేది మర్చిపోయినా. ఈసారి దవడ దానంతటది రాలా. ఎంగిలి చేత్తోనే ఆటో ఎక్కించినారు. నోటి నుంచి సొల్లు కారతాంది, తుడుచుకునేదానికి కూడా సిగ్గు మిగల్లా. నాయన నా వీపు మీద చెయ్యేసి ఏమీ కాదు మే, ఏమీ కాదు మే అంటానే ఉండె.

పెద్దమ్మ చెప్పిన దవడల డాక్టరు దగ్గరికి తీసుకుపోయినారు. పెద్దామె, గట్టి మనిషి, మాట కూడా గట్టిదే. రెండు బొటనవేళ్ళకు గుడ్డ చుట్టుకొని, నోట్లో వెనక పళ్ళ మీద పెట్టి, కిందికి అదిమి వెనక్కి తోసింది. టక్కుమని పడింది. అమ్మ అక్కడికక్కడే ఆమెకు దండం పెట్టి, ఈమెది మంచి హస్తవాసి అనింది. మా ఇండ్లల్లో డాక్టరు చదువు ఎవరూ అడగరు, హస్తవాసి ఉంటే చాలు. ఆ ఒక్క టక్కుతో నాయన కూడా మెత్తబడినాడు. ఆపరేషన్ తప్పదని మేడం చెప్తే తల వంచుకొని విన్నాడు.

మేడం ఇంకో మాట కూడా చెప్పింది. ఆపరేషన్‌కు ముందు కింది పళ్ళు ముందుకు, నిటారుగా రావాల, అప్పుడే దవడ వెనక్కి జరిపేదానికి చోటు దొరుకుతాది. ఈ క్లిప్పులు వేసినాయన ఎవరో నాతో ఒకసారి మాట్లాడమనండి అనింది. నాయన అట్లనే మేడం అన్నాడు. పేరు చెప్పలా, ఊరు చెప్పలా.

మైదుకూరు బస్సులో నేను నాయన ప్రాణం తీసినా. ఈమె ముందుకు అంటాండాది, కడపాయన వెనక్కి లాగతాండాడు, ఇదేంది అని. నాయన కిటికీ లోంచి బయటికి చూస్తా, ఎవరికీ ఏమీ చెప్పద్దని తేల్చేసినాడు. ఆపరేషన్ సంగతి తెలిస్తే కడపాయన అలిగి సరిగ్గా చూడడు. కడపాయన పేరు తెలిస్తే ఈమె ఆయన పనికి వంకలు పెడతాది. క్లిప్పులు ఆడ, ఆపరేషన్ ఈడ, మన దోవ మనది. నేను మళ్ళీ నోరు తెరిస్తే "డాక్టర్ల మాటలు అట్లనే ఉంటాయిలే మే, దవడ కదిలించద్దు" అన్నాడు. దవడ పేరు చెప్పి నోరు మూయించొచ్చని ఆయనకు ఆ రోజే తెలిసింది.

నెల నెలా కడపకు పోయి తీగ బిగించుకోనొస్తా ఉండినా. రాత్రంతా పళ్ళు సలిపేవి. నెలకింత వెనక్కి పోతాండాయి, అద్దంలో చూస్తే తెలుస్తాండాది. బాగా కనపడతాండావు మే అని గిరాకీలు కూడా అంటాండారు. నేను మాత్రం అంగట్లో ఒకచోట నిలబడలేకపోయేదాన్ని. మడత పెట్టిన చీర విప్పేది, మళ్ళీ మడత పెట్టేది. అమ్మకు విసుగొచ్చి, కాలు కాలిన పిల్లి మాదిరి తిరక్కుండా కూర్చోమని తిట్టేది.

2005 ఉగాది దాటినాక

ఆపరేషన్ తేదీ తీసుకునేదానికి మళ్ళీ కర్నూలు పోయినాం. ఈసారి నేను ఊరికే పోలా. కడప డాక్టరు ఇచ్చిన నా పళ్ళ బొమ్మను చీరల అట్టపెట్టెలో పెట్టుకొని ఒళ్ళో పట్టుకున్నా. ఏంది మే అది అని నాయన అడిగితే, పెద్దమ్మకు చీర అన్నా. మా నాయన కూతుర్నే కదా.

బయట గదిలో కూర్చునేది ఎంతసేపని. ఒక ముసలాయన చెంప వాచి, దవడకు కట్టుతో గోడకానుకొని కునుకుతాండాడు. నేను అటు నడిచి ఇటు నడిచి, నీళ్ళ కుండ దగ్గరికి దప్పిక లేకుండానే నాలుగుసార్లు పోయినా. నాయన తువ్వాలతో మొహం తుడుచుకుంటా ఉండె.

మేడం కొత్త ఎక్స్‌రే వెలుతుర్లో పెట్టి చూసింది. తర్వాత నా నోట్లో వేలు పెట్టి చూసింది.

"ఎవరు చేసినారిది? నేను ముందుకు రావాలంటే ఇవి వెనక్కి పోయినాయి. ఇట్ల ఉంటే దవడను నూలుపోగంత కూడా వెనక్కి జరపలేను. ఆ డాక్టరు నాకెందుకు ఫోన్ చేయలేదు?"

నాయన తువ్వాల భుజం మార్చుకొని, "ఆయన ఊరు ఇడిసి పోయినాడు మేడం" అన్నాడు.

నాకు ఆ క్షణంలో వచ్చిన కోపం ఇంతకు ముందెప్పుడూ రాలా, తర్వాత కూడా రాలా. నాయన చెడ్డోడు కాదు. నా కోసం ఎండల్లో, బస్సుల్లో తిరిగినోడు. కానీ అది బట్టల బేరం కాదు, నా నోరు. ఒళ్ళోని పెట్టె తీసి మేడం బల్ల మీద పెట్టి మూత తీసినా. "ఆయన యాడికీ పోలేదు మేడం. కడపలోనే ఉండాడు. పేరూ నంబరూ ఈ బొమ్మ కిందనే ఉండాయి. ఆయనకు ఆపరేషన్ సంగతి మేము చెప్పలా," అన్నా.

నాయన నన్ను చూడలా. మేడం బొమ్మను తిప్పి చూసి, అక్కడే ఫోన్ తీసి నంబరు కొట్టింది. ఇద్దరూ చాలాసేపు మాట్లాడుకున్నారు, సగం ఇంగ్లీషు, సగం తెలుగు. అవతల ఆయన గొంతు నాకు వినపడకపోయినా, మెల్లగా మాట్లాడతాండాడని మాత్రం తెలిసింది. ఫోన్ పెట్టేసి మేడం నాయనతో అనింది: "ఆయన ఒక పక్కకు లాగతాండాడు, నేను ఇంకో పక్కకు రమ్మంటాండా. మా ఇద్దరికీ తెలీదు. తెలిసింది మీకొక్కరికే శెట్టిగారూ."

అప్పుడు మేడం నన్ను అడిగింది, కడపాయన మొదటి రోజు అడిగిన మాటే. నీకేం కావాల?

"నాకు కొరకాల మేడం," అన్నా. అది నేను ఇంట్లో కూడా ఎవరికీ నోరిడిసి చెప్పిన మాట కాదు. చెప్పినాక ఏడుపాగలా.

బయట టీ అంగడి దగ్గర నాయన చేతిలో టీ చల్లారిపోయింది. కడపలో ఇంకో డాక్టరును చూద్దాం, ఇన్నాళ్ళూ చూసినాయన మొహం ఎట్ల చూసేది అని గొణిగినాడు. "నేను చూస్తాలే. నువ్వు బయట కూర్చో," అన్నా. కడపాయన తిట్టలేదు. తిట్టింటే బాగుండు. ముందే చెప్పింటే సంవత్సరం మిగిలేది కదమ్మా అని ఒక్క మాట అని, కుర్చీ దగ్గరికి లాక్కున్నాడు. వెనక్కి లాగిన పళ్ళను మళ్ళీ ముందుకు తోసేది మొదలుపెట్టినాడు. పీకిన చోట్లలో మూసుకున్న సందులు మళ్ళీ తెరుచుకున్నాయి. నా మొహం మొదటికంటే వికారమైంది. ఆపరేషన్‌కు ముందు అట్లనే ఉంటుందని ఇద్దరూ చెప్పినారు కాబట్టి తట్టుకున్నా. ఏడాదిన్నర పైన పట్టింది. గిరాకీలు ఏమైంది మే అని అడిగితే, అంగడికి సున్నం కొట్టేముందు సామాను బయటేస్తారు కదా, ఇదీ అంతే అనేదాన్ని.

2006 చలికాలం

ఆపరేషన్ రోజు పొద్దున నాయన నా మంచం పక్కకు రాలా. వరండాలో ఆ చివర నుంచి ఈ చివరికి నడుస్తానే ఉండె. చిన్నాయన జ్ఞాపకం వస్తాందని నాకు తెలుసు. స్ట్రెచర్ తోసుకొని పోతాంటే వచ్చి, "మే, లేస్తావు కదా?" అన్నాడు. డాక్టర్లను అడగాల్సిన మాట నన్ను అడిగినాడు. లేస్తా నాయనా అన్నా. నాకూ నమ్మకం లేదు.

లేసినా. మొహం కుండ మాదిరి వాచింది. పై పళ్ళకూ కింది పళ్ళకూ కలిపి రబ్బర్లు బిగించినారు, నోరు తెరుచుకోదు. ముక్కులో గొట్టం, చేతికి సూది. కండ్ల ముందర అన్నీ రెండు రెండుగా కనపడతాండాయి, రాసి చూపించే ఓపిక లేదు. ఊపిరాడదేమో అనే గాబరా పట్టుకుంది. లేసి నడవాలని, పారిపోవాలని కాళ్ళు కొట్టుకున్నా. అమ్మ ఏం కావాలమ్మా, ఏం కావాలమ్మా అని ఏడుస్తా ఉండె. ఆమె ఏడుపుతో నాకు ఇంకా గాబరా.

నాయన వచ్చి మంచం పక్కన కూర్చున్నాడు. భుజం మీది తువ్వాల తీసి, నా చెయ్యి మీదా తన చెయ్యి మీదా కప్పినాడు. "నొప్పి ఎంత చెప్పు మే," అన్నాడు.

నేను ఆయన అయిదు వేళ్ళూ పట్టుకున్నా.

ఆయన పోయి నర్సును పిలుచుకొచ్చినాడు. సూది వేసినాక మళ్ళీ తువ్వాల కప్పి అడిగినాడు. నాలుగు. మరుసటి రోజు మూడు పట్టుకుంటే, ఆయన తువ్వాల కింద ఒక వేలు మెల్లగా వెనక్కి లాక్కుంటాండాడు, రెండు చేయమని. నొప్పి మీద కూడా బేరమే. నవ్వొచ్చింది, నవ్వితే కుట్లు లాగినాయి, ఆయన గాబరాపడి మళ్ళీ మూడు వేళ్ళూ ఇచ్చేసినాడు.

పక్క మంచంలో బండి మీది నుంచి పడి దవడ విరిగిన ఒకాయన, ఆయనకు తోడుగా వాళ్ళమ్మ ఉన్నారు. ఆమెను ఖాలా, అంటే పిన్నీ అని పిలిచేవాళ్ళం. గంజి మింగలేక నేను అల్లాడతాంటే, సిరంజీని ముందు కాదు బేటీ, చెంప వెనక సందులో పెట్టాల అని ఆమే వచ్చి పట్టింది. అమ్మ రాగి జావను పల్చటి వాయిల్ గుడ్డలో వడగట్టి తెచ్చేది. ఇంటికి వచ్చినాక కొన్ని వారాలు అదే తిండి. బాగా సన్నబడినా. తిరిగేది మాత్రం తగ్గలా, జావ గ్లాసు పట్టుకొని కూడా ఇల్లంతా తిరిగినా.

ఇప్పుడు

రబ్బర్లు తీసి ఏడాది దాటింది. క్లిప్పులు పోయినాయి, ఖాళీల్లో కట్టుడు పళ్ళు పెట్టినారు. టిక్కు టిక్కుమనేది లేదు, ఆవలిస్తే చెయ్యి అడ్డం పెట్టుకునే పని లేదు. కింది పెదవి ఎడమ పక్క మాత్రం ఇంకా తిమ్మిరిగానే ఉండాది. వేడి కాఫీ కారినా తెలీదు, అమ్మ తుడుచుకో అంటే తుడుచుకుంటా. స్పర్శ రావచ్చు, రాకపోవచ్చు అన్నారు. అది ముందే చెప్పినారు, విని ఒప్పుకున్నదాన్ని నేనే, కాబట్టి ఎవరినీ అనేదేం లేదు.

మొన్న మంగళవారం ఒకామె కూతుర్ని తీసుకొని అంగడికి వచ్చింది. ఆ పిల్ల కొంగు నోటికి అడ్డం పెట్టుకొని నిలబడింది. ఎందుకో చూడకుండానే అర్థమైంది. కడపకు పోయొచ్చినాం, ఇంకో చోటికి కూడా పోదామనుకుంటాండాం, ఆ రెండో ఆయనకు ముందుపోయిన సంగతి చెప్పమండీ, ఏమంటాడో చూద్దామని అని ఆమె చెప్తాంది.

నాయన మీటరు కర్ర కింద పెట్టినాడు. భుజం మీది తువ్వాల తీసి, మడిచి, గల్లాపెట్టె మీద పెట్టినాడు. "చెప్పాలమ్మా. మొదటాయన చెప్పింది రెండో ఆయనకు చెప్పాల, రెండో ఆయన చెప్పింది మొదటాయనకు చెప్పాల. నేను దాపెట్టి నా బిడ్డకు సంవత్సరం పోగొట్టినా," అన్నాడు. అంగడి నిండా జనం ఉండారు. పక్కంగడాయన కూడా ఉండాడు. నాయన గొంతు ఏమీ తగ్గించలా. తర్వాత ఇద్దరు డాక్టర్ల పేర్లు చెప్పినాడు, ఎవరేం చెప్పినారో అంతా చెప్పినాడు. ఆఖరికి ఆ పిల్లను చూసి, నీకేం కావాలమ్మా అని అడిగినాడు. ఆ పిల్ల కొంగు కొంచెం దించింది.

నేను తల వంచుకొని ఫాల్ కుడతాండా. కుట్టు అయిపోయింది. చెయ్యి అలవాటుగా కత్తెర కోసం చీరల కిందికి పోయింది.

"కత్తెర ఎందుకు మే?" అన్నాడు నాయన. "ఆ పాపకు చూపీ."

వంగి దారం పళ్ళ మధ్యన పెట్టుకున్నా. అది పెదవికి తగిలింది నాకు తెలీలా. తెగింది మాత్రం తెలిసింది.